మిద్దె ఇంట్లోకి ఎంపీ5తో పోవాలా, 5.56 కార్బైన్‌తో పోవాలా: ఒక ఆర్‌ఐ కేస్ స్టడీ

సీమలో ఒక జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో (ఏఆర్, జిల్లా పోలీసుల సాయుధ విభాగం) ఆర్‌ఐగా, అంటే రిజర్వ్ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నప్పుడు ఒక ఫైల్ నా టేబుల్ మీదికొచ్చింది. జిల్లా స్పెషల్ పార్టీ చేతుల్లో ఉన్న పాత 9 ఎంఎం తుపాకులు తీసేయాలి, బదులుగా ఏమి ఇవ్వాలో ఒపీనియన్ రాయమన్నారు. స్పెషల్ పార్టీ అంటే ఇంట్లో దాక్కున్న ముద్దాయి కోసం ముందు తలుపు తోసుకుని లోపలికి పోయే పిల్లలు, బందోబస్తు వాళ్ళు కాదు. ఫైల్లో రెండు దారులు రాసుండాయి, ఒకటి ఎంపీ5, అంటే 9 ఎంఎం పిస్టల్ గుండు పేల్చే జర్మనీ సబ్ మెషిన్ గన్, రెండోది 5.56 కార్బైన్, అంటే 5.56 ఎంఎం రైఫిల్ గుండు పేల్చేది. రిటైరయ్యాక కుర్ర ఆర్‌ఎస్‌ఐలు (రిజర్వ్ సబ్ ఇన్‌స్పెక్టర్లు) ఫోన్ చేసి ఇదే సంగతి అడుగుతుంటారు, అందుకే అప్పుడు మేము ఏం చూశామో, నేను ఏం రాశానో మొత్తం ఇక్కడ పెడుతున్నా. జిల్లా పేరు, తేదీలు మాత్రం అడగొద్దండి.

ముందు ఒకటి తేల్చుకుందాం, లేకపోతే సగం మంది తికమక పడతారు. మన డిపార్ట్‌మెంట్లో కార్బైన్ అంటే ఎస్‌ఏఎఫ్ 1ఏ1, కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో చేసిన బ్రిటిష్ స్టెర్లింగ్. అది లెక్క ప్రకారం సబ్ మెషిన్ గన్, పేల్చేది పిస్టల్ గుండు. దాన్ని ఇక్కడ స్టెర్లింగ్ అనే అంటా. కార్బైన్ అని రాస్తే మాత్రం రైఫిల్ గుండు పేల్చే పొట్టి తుపాకీ అనుకోండి.

స్టెర్లింగ్ గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. ఓపెన్ బోల్ట్, అంటే ట్రిగ్గర్ నొక్కితే వెనకున్న బరువైన బోల్ట్ ముందుకొచ్చి కొట్టాలి, అప్పుడు పేలుతుంది, ఆ బోల్ట్ కదిలే లోపల మొదటి గుండు గురి చెదిరిపోతుంది. బందీ పక్కనే నిలబడిన వాడి మీద పేల్చాల్సిన చోట మొదటి గుండు గురి లేకపోతే ఇంక ఆ తుపాకీ ఎందుకు? సెంట్రీ డ్యూటీకి ఎన్నేళ్ళయినా వాడుకోవచ్చు, ఇంట్లోకి మాత్రం వద్దు. ఈ మాట మీద ఎవరికీ గొడవ లేదు, అసలు గొడవంతా ఎంపీ5 దగ్గరే మొదలయ్యింది.

ఎందుకంటే అందరికీ అదే కావాలి. ఎస్కార్ట్ పిల్లలకి, స్పెషల్ పార్టీకి, ఆఖరికి ఆఫీసులో రాతపని చేసే మినిస్టీరియల్ స్టాఫ్‌కి కూడా ఆ పేరు తెలుసు. 2008 నవంబర్లో ముంబైలో ఎన్‌ఎస్‌జీ కమాండోల చేతుల్లో టీవీలో చూశారు కదా, అదే బొమ్మ మైండ్‌లో ఉండిపోయింది. తుపాకీ కూడా ఆ పేరుకు తగ్గదే. జర్మనీ హెక్లర్ అండ్ కోచ్ వాళ్ళు 1960లలో చేశారు, క్లోజ్డ్ బోల్ట్, అంటే బోల్ట్ ముందే మూసుకుని ఉంటుంది, లోపల రోలర్లు బోల్ట్‌ని కాస్త ఆపి వదులుతాయి కాబట్టి కిక్ మెత్తగా ఉంటుంది, మొదటి గుండు పెట్టిన చోట పడుతుంది. 1980 మే 5న లండన్‌లో ఇరాన్ ఎంబసీలోకి బ్రిటిష్ ఆర్మీ కమాండోలు ఎస్‌ఏఎస్ వాళ్ళు దీన్ని పట్టుకునే పోయారు, ఆ రోజు నుంచి ప్రపంచంలో ఏ పోలీస్ టీముకైనా ఇదే గుర్తయిపోయింది. మాకు ఇంకో యూనిట్ నుంచి ట్రయల్‌కి రెండు ఇప్పించారు. పాత మోడల్, సెలెక్టర్ (సేఫ్, సింగిల్, ఆటోమేటిక్ మార్చే మీట) మీద జర్మన్ అక్షరాలు, ఎస్, ఈ, ఎఫ్. పేల్చాక ఏరుకున్న ఎంప్టీ కేసుల (ఖాళీ తూటా గొట్టాల) మీద నిలువుగా నల్ల గీతలు పడుంటాయి, ఛేంబర్లో గాడులు ఉంటాయి కాబట్టి. అది చూసి ఒక ఏఆర్ కానిస్టేబుల్ కేసు చెడిపోయింది సార్ అని నా దగ్గరికి తెచ్చాడు. చెడిపోలేదప్పా, ఎంపీ5 పేలిస్తే కేసు అట్లనే ఉంటుంది అని చెప్పినా.

రెండోది ఒక కంపెనీ వాళ్ళు డెమోకి తెచ్చిన 5.56 కార్బైన్, ఎం4 తరహాది, పద్నాలుగున్నర అంగుళాల బ్యారెల్, పైన రెడ్ డాట్ సైటు, అంటే అద్దంలో ఎర్ర చుక్క చూసి గురి పెట్టేది. వీటి పక్కన కొలత కోసం మా దగ్గరున్న ఏకే రైఫిళ్ళు, మన దేశంలో చేసిన 5.56 రైఫిల్ ఇన్సాస్ కూడా పెట్టుకున్నాం.

ఇక ఇల్లు. బేతంచెర్ల వైపు, అప్పుడు అది ఉమ్మడి కర్నూలు జిల్లానే, జనం ఖాళీ చేసిన పాత మిద్దె ఇల్లు ఒకటి దొరికింది. ఈ వైపు ఇళ్ళు చూడని వాళ్ళకి చెప్తా. గోడ రాయీ మట్టితో కట్టింది, రెండడుగుల మందం. పైన దూలాలు, దంతెలు, వాటి మీద మట్టి మిద్దె, వెలుతురు కోసం మధ్యలో గవాచి. కింద నాపరాళ్ళు పరిచుంటాయి. తలుపులు చిన్నవి, మంచి ఎత్తున్న వాడు తలొంచకుండా దూరలేడు, కిటికీలు ఇంకా చిన్నవి. ఇంటి ముందు వసారా, దాని ముందు ఎద్దుల గాడిపాడు, అవతల చేను. అమెరికా వాళ్ళ పుస్తకాల్లో రాసే ఇల్లు వేరు, మనం తలుపు తోసే ఇల్లు వేరు. నేను ఫైల్లో మొదటి పేజీలో రాసింది కూడా ఇదే.

ఆ ఇంట్లో గుండు లేకుండా డ్రిల్స్ మాత్రమే చేశాం, ఫైరింగ్ అంతా మొబిలైజేషన్ టైంలో, అంటే ఏఆర్ వాళ్ళందరినీ ట్రైనింగ్‌కి పిలిచే రోజుల్లో, రేంజ్‌లో.

డ్రిల్స్‌లో మొదట తేలింది పొడవు సంగతి. ఇన్సాస్ దాదాపు 95 సెంటీమీటర్లు, నాలుగు కిలోల పైన. తలొంచుకుని ఆ తలుపులో దూరేటప్పుడు బ్యారెల్ ఒకడుగు ముందే గదిలోకి పోతుంది, తలుపు పక్కన నక్కిన వాడు చెయ్యి చాపి పట్టుకోవచ్చు. పట్టుకున్నాడు కూడా, దొంగ వేషం వేసిన మా హెడ్ కానిస్టేబుల్ ప్రతిసారీ పట్టుకుని నవ్వాడు. ఎంపీ5 స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) లాగితే సుమారు 70 సెంటీమీటర్లు, ఎం4 తరహాది స్టాక్ మొత్తం లాగితే 84 దాకా, ముడిస్తే 76. అంటే రెండింటికీ తేడా జానెడు కన్నా తక్కువ. బరువు చూస్తే ఇంకా ఆశ్చర్యం, రెండూ ఖాళీగా మూడు కిలోల అటూ ఇటూ. నాకు ఎంపీ5 మీద సగం మోజు అక్కడే పోయింది. ఒకే బరువు మోసేటప్పుడు పిస్టల్ గుండు మోయడం ఎందుకు, రైఫిల్ గుండు మోయొచ్చు కదా అనేది ఎవరికైనా వచ్చే ప్రశ్నే.

గుండు లెక్క కూడా చూడండి. 9 ఎంఎం గుండు ఎనిమిది గ్రాముల బరువు, సెకనుకు 400 మీటర్ల లోపు వేగం, శక్తి 500 జౌళ్ళ పైచిలుకు. 5.56 గుండు నాలుగు గ్రాములే, కానీ ఆ పొట్టి బ్యారెల్ నుంచి కూడా 880 మీటర్ల దగ్గర్లో పోతుంది, శక్తి 1500 జౌళ్ళు దాటుతుంది. మామూలు మెత్తటి బుల్లెట్ ప్రూఫ్ జాకెట్ 9 ఎంఎంని ఆపుతుంది, 5.56ని ఆపలేదు, దానికి లోపల గట్టి ప్లేటు పెట్టాలి. అమెరికాలో ఇది రక్తం పోయాకే అర్థమయ్యింది. 1986 ఏప్రిల్ 11న మయామిలో ఎఫ్‌బీఐ వాళ్ళ 9 ఎంఎం గుండు ఒకటి ముద్దాయి చేతిలోంచి ఛాతీలోకి పోయింది కానీ గుండె దాకా పోకుండా ఆగిపోయింది, వాడు ఆ తర్వాత కూడా మినీ 14 రైఫిల్‌తో పేలుస్తూనే ఉన్నాడు, ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు. 1997 ఫిబ్రవరి 28న లాస్ ఏంజెలెస్ నార్త్ హాలీవుడ్‌లో బ్యాంకు దోచుకోడానికొచ్చిన ఇద్దరు ఒళ్ళంతా జాకెట్లు కట్టుకునొచ్చారు, పెట్రోలింగ్ పోలీసుల పిస్టళ్ళు, షాట్‌గన్లు వాళ్ళని ఆపలేకపోయాయి, వాళ్ళ స్పెషల్ టీము స్వాట్ వాళ్ళు రైఫిళ్ళతో దిగాల్సొచ్చింది. అక్కడి నుంచి వాళ్ళ పెట్రోల్ కార్లలోకి కూడా రైఫిల్ వచ్చేసింది, ఎంపీ5లు మెల్లగా పక్కకి పోయాయి.

మన దగ్గర జాకెట్ కట్టుకున్న ముద్దాయి యాడ ఉన్నాడు సార్ అని ఒక ఆర్‌ఎస్‌ఐ అడిగాడు, మంచి ప్రశ్న. ఫ్యాక్షన్ రోజుల్లో నాటుబాంబులు, వేట కొడవళ్ళు, అక్కడక్కడ తపంచాలు, అంతే కదా. నిజమే. నా లెక్క జాకెట్ గురించి కాదు, దూరం గురించి. నాటుబాంబు విసిరేవాడు మిద్దె మీద ఉంటాడు, మన వాళ్ళు చేనులో ఉంటారు. జీపు ఆపిన చోటు నుంచి తలుపు దాకా ఆ ఇంటి ముందు బయలు ఎనభై మీటర్ల పైన ఉంది, అడ్డం ఏమన్నా ఉందంటే ఒక కానుగ చెట్టు, సగం కూలిన గోడ. గది లోపల కొట్లాట ఐదు మీటర్లది అని అందరూ అంటారు, కానీ గదిలోకి పోయేలోపల ఈ బయలు దాటాలి, వెనక నుంచి పరిగెత్తి కొండ వైపు పోయేవాడిని కూడా ఇదే చేతిలోని తుపాకీతోనే కాయాలి. రేంజ్‌లో వంద మీటర్ల దగ్గర మామూలు కానిస్టేబుల్ చేత ఎంపీ5 పేల్పించి చూశాం, గురి పెట్టే ఎత్తు మార్చుకోవాలి, ఇనుప సైటు మీద తలకాయంత టార్గెట్ కనపడక కనపడుతుంది, పడేవి పడతాయి పోయేవి పోతాయి. కార్బైన్‌తో అదే మనిషి నిలబడి ఛాతీ టార్గెట్ మీద అన్నీ పెట్టాడు. శేషాచలం, లంకమల అడవుల్లో ఎర్రచందనం డ్యూటీకి పోయే పార్టీలకైతే ఈ తేడా ఇంకా ఎక్కువ.

సరే, కార్బైన్ వైపు ఇంత చెప్పినాక దాని తలనొప్పులు కూడా చెప్పాలి, అవి చిన్నవేం కావు.

ఒకటి, సైటు ఎత్తు. ఎం4 తరహా తుపాకీ మీద రెడ్ డాట్ బ్యారెల్ కన్నా సుమారు రెండున్నర అంగుళాలు పైన కూర్చుంటుంది. దూరం మీద జీరో చేసి, అంటే చుక్క పెట్టిన చోటే గుండు పడేట్టు సరిచేసి పెట్టుకున్నాక గదిలో ఐదు మీటర్ల దగ్గర చుక్క పెట్టిన చోట గుండు పడదు, రెండంగుళాల పైన కిందికి పడుతుంది. బందీ భుజం మీదుగా ముద్దాయి కన్ను మీద చుక్క పెట్టి నొక్కారనుకోండి, రెండంగుళాలంటే ఎంత అనేది వేరే చెప్పక్కర్లేదు. మా పిల్లలు మొదటి రోజు అందరూ కిందికే కొట్టారు. ఇంకో పెద్ద సమస్య కిటికీ దగ్గర బయటపడింది. మోకాలి మీద కూర్చుని కిటికీ కింది బండ మీదుగా చూస్తే సైటులో లోపలంతా క్లియర్‌గా కనపడుతుంది, బ్యారెల్ మాత్రం ఇంకా బండ వెనకే ఉంది. నేను పక్కన నిలబడి, ఒరేయ్ నొక్కితే నీ మొహం ముందరే రాయి పగులుతుంది చూసుకో అంటే, సార్ నాకు దొంగ కనపడుతుండాడు అంటాడు. బ్యారెల్ పక్కన వేలు పెట్టి చూపిస్తే గానీ ఒప్పుకోలేదు. ఎంపీ5కి సైటు బ్యారెల్‌కి కొంచెం దగ్గరగా ఉంటుంది, ఈ తప్పు తక్కువ, పూర్తిగా లేదని కాదు.

రెండోది శబ్దం. పొట్టి బ్యారెల్ 5.56 పేలిస్తే 160 డెసిబెల్స్ దాటిపోతుంది, రాతి గోడలు, నాపరాళ్ళ నేల, ఆ శబ్దాన్ని పీల్చుకునేది ఏమీ లేదు, గవాచి తప్ప బయటికి పోయే దారి లేదు. 9 ఎంఎం కూడా చెవులకి మంచిది కాదు కానీ దీని ముందు పేలుడు గాలి, మంట రెండూ తక్కువ. తుపాకులు చూసుకునే మా ఆర్మరర్ హెడ్ కానిస్టేబుల్ ఒక్క మాటలో తేల్చేశాడు, "సార్, ఇది ఇంట్లో పేలిస్తే ఆ తర్వాత మీరు వద్దురా అని అరిచినా ఎవురికీ వినపడదు" అని. నాకు అన్నిటికన్నా ఆలోచన పెట్టించిన మాట ఇదే. లోపలికి పోయిన టీముకి ఆపు అనే మాట వినపడకపోతే ఇంక లీడర్ ఎందుకు.

మూడోది గోడల సంగతి, దీని మీద చాలా తప్పు మాటలు తిరుగుతున్నాయి. రైఫిల్ గుండు గోడలు దాటి పక్కింటి వాళ్ళని చంపుతుంది కాబట్టి పోలీసులకి 9 ఎంఎం మంచిది అనేది ఒక వాదన. అమెరికాలో టెస్టులు చేస్తే ఉల్టా వచ్చింది, అక్కడి జిప్సం అట్ట గోడల్లో తేలికపాటి 5.56 గుండు తలకిందులై విరిగిపోయి తొందరగా ఆగింది, 9 ఎంఎం గుండు నిదానంగా గది తర్వాత గది దాటుకుంటూ పోయింది. దాన్ని పట్టుకుని మన వాళ్ళు కొందరు 5.56 గోడ దాటదు సార్ అని మొదలుపెట్టారు. అదీ తప్పే. మన ఇన్సాస్ గుండు ఎస్‌ఎస్‌109 తరహాది, మొన దగ్గర స్టీల్ ముక్క ఉంటుంది, తేలిక గుండు లాగ విరిగిపోదు. రెండడుగుల రాతి గోడకి ఏ గుండైనా ఒకటే, రెండూ ఆగుతాయి. కానీ ఇప్పుడు ఊర్లలో పాత మిద్దెకి ఆనుకుని నాలుగంగుళాల ఇటుక గోడ, పైన రేకులు వేసి గది లేపుతున్నారు కదా, ఆ ఇటుక పార్టిషన్‌ని ఈ స్టీల్ మొన గుండు ముందు అడ్డం అని నేను లెక్కపెట్టను. రేకులు, పల్చటి తలుపులు రెండింటినీ ఆపవు. అంటే ఒకే ఇంట్లో వంటగది వైపు సేఫ్, కొట్టం వైపు ప్రమాదం, పోయే ముందు ఆ ఇల్లు కట్టిన మేస్త్రీనో పక్కింటి పెద్దాయననో అడిగి తెలుసుకోవాల్సిన విషయం ఇది.

రాతి ఇంట్లో అసలు భయం గుండు దాటిపోవడం కాదు, తిరిగి రావడం. దీన్ని మాత్రం గట్టిగా చూడాలనుకుని రేంజ్‌లో బట్ (టార్గెట్ల వెనకుండే మట్టికట్ట) దగ్గర నాపరాళ్ళు నిలబెట్టి, వెనక ఇసుక మూటలు పేర్చి, పక్కన పెద్ద అట్టలు కట్టి, మనుషులని దూరం పంపించి వాలుగా పేల్పించాం. 9 ఎంఎం గుండు బండ మీద సీసం రంగు గీత ఒకటి గీసి, ఆ బండని ఆనుకునే పోయి చివర్లో కట్టిన అట్టకి ఒకటే రంధ్రం పెట్టింది, దాదాపు నిండు గుండుగానే. బండకి పెచ్చు కూడా పెద్దగా లేవలేదు. 5.56 వేరే కథ, తగిలిన చోట బండ గిన్నెలాగ గుంట పడి పెచ్చులు లేచిపోయాయి, గుండు ముక్కలయ్యింది, అట్ట మీద ఆవాలు చల్లినట్టు సన్న సన్న రంధ్రాలు. అంటే గోడకి ఆనుకుని పోయేవాడికి 9 ఎంఎం తిరిగొస్తే గుండు దెబ్బ, 5.56 తిరిగొస్తే కళ్ళు, మొహం, మెడ. మన పాత అలవాటు చూడండి, తుపాకీ శబ్దం వినగానే గోడకి వీపు ఆనించి నక్కడం, రాతి ఇంట్లో వాలుగా తగిలిన గుండు గోడనే పట్టుకుని పోతుంది, కాబట్టి గోడకి చేయెడు దూరం ఉండి నడవాలి. ఆ అట్టలు పారేయకుండా బారక్ గోడకి కొట్టించినా, ట్రైనింగ్‌లో నేను పది నిమిషాలు చెప్పే కన్నా ఆ రంధ్రాలు చూస్తేనే ఎక్కువ పని జరిగింది. కళ్ళద్దాలు పెట్టుకోమంటే సినిమా వేషం అని నవ్వే వాళ్ళు కూడా ఆ వారం నుంచి అడిగి తీసుకున్నారు.

ఇంతవరకు ఇనుము, సీసం గురించి. ఇప్పుడు చెయ్యి గురించి చెప్పాలి, నా ఒపీనియన్ చివరికి తూగింది దీని మీదే.

మా పార్టీ పిల్లలకి ఏళ్ళ తరబడి అలవాటైంది ఏకే. ఏకే సెలెక్టర్ సేఫ్ నుంచి ఒక మెట్టు కిందికి నొక్కితే ఆటోమేటిక్, ఇంకో మెట్టు దింపితే సింగిల్. ఎంపీ5కీ ఎం4 తరహాకీ మొదటి మెట్టు సింగిల్, ఆ తర్వాతే ఆటోమేటిక్. ఏకే అలవాటున్న వాడు భయంలో ఏం చేస్తాడు, సేఫ్ నుంచి చివరి దాకా లాగేస్తాడు, సింగిల్ అనుకుని. చేతిలో ఎంపీ5 ఉంటే అది ఆటోమేటిక్ మీద పడుతుంది, నిమిషానికి 800 గుండ్ల స్పీడు. డ్రిల్‌లో ఖాళీ తుపాకీతోనే ఇది పదే పదే కనపడింది. సరిచేయలేమా అంటే చేయొచ్చు, కానీ ఒకే మనిషికి సోమవారం ఏకే, గురువారం ఎంపీ5 ఇస్తే మాత్రం ఎప్పటికీ సరికాదు. అందుకే ఒక మనిషికి ఒకటే తుపాకీ అనేది నాకు క్యాలిబర్ (గుండు సైజు) కన్నా పెద్ద విషయంగా తోచింది. పార్టీకి కార్బైన్ ఇస్తే బయలులో అదే, వసారాలో అదే, గదిలో అదే. ఎంపీ5 ఇస్తే బయలు కోసం ఇంకొకరి చేతిలో రైఫిల్ పెట్టాలి, ఆ రైఫిల్ వాడు లోపలికి రాలేడు, లోపలున్న వాడు బయటికి కాయలేడు, ఉన్న పది మంది రెండుగా చీలిపోతారు.

రౌండ్ల సంగతీ ఉంది. 5.56 ఇన్సాస్ కోసం ఎట్లాగూ ఇండెంట్ (సరుకు కావాలని రాతపూర్వక కోరిక) పెడతాం, అదే గుండు కార్బైన్‌కి సరిపోతుంది, యాన్యువల్ ఫైరింగ్ కోటా నుంచి ప్రాక్టీసుకి కాస్త ఎక్కువ తీయొచ్చు, ఎంప్టీ కేసుల లెక్క ఒకే రిజిస్టర్‌లో. పుణెలో తుపాకులు డిజైన్ చేసే ప్రభుత్వ సంస్థ ఏఆర్‌డీఈ వాళ్ళ పొట్టి కార్బైన్ జేవీపీసీ గురించి కూడా అడిగారు, మూడు కిలోలు, ముప్పై రౌండ్లు, మంచి పొట్టి తుపాకీ, కానీ దాని గుండు 5.56 ఇంటూ 30, మన ఇన్సాస్ గుండు దాంట్లో పోదు. సీఆర్‌పీఎఫ్ లాంటి పెద్ద ఫోర్సుకి వేరే రకం గుండు తెప్పించుకోవడం లెక్క కాదు, ఒక జిల్లా ఏఆర్‌కి మాత్రం ఇంకో రకం గుండు అంటే ఇంకో ఇండెంట్, ఇంకో ఆలస్యం.

ఆటోమేటిక్ గురించి ఫైల్లో నేను కొంచెం గట్టిగానే రాశా. 2014లో సుప్రీంకోర్టు పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో ఇచ్చిన గైడ్‌లైన్స్ ప్రకారం ఎన్‌కౌంటర్లో మనిషి పోతే వాడిన తుపాకులు ఫోరెన్సిక్‌కి అప్పగించాలి, ప్రతి గుండు ఎవరిది, ఎటు పోయింది అని అడుగుతారు, అడగాలి కూడా. మనం పోయేది అరెస్టు చేయడానికి, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 43 చెప్పేది కూడా అదే, ఎదురు తిరిగితే అవసరమైనంత బలం వాడు, అంతే. ఇంట్లో ముసలివాళ్ళు, పిల్లలు, పొయ్యి దగ్గర ఆడవాళ్ళు ఉంటారని తెలిసి ఆటోమేటిక్ పెట్టేవాడి చేతిలో ఎంపీ5 ఉన్నా కార్బైన్ ఉన్నా నా దృష్టిలో ఒకటే. సెలెక్టర్లో ఆ మెట్టు లేని సెమీ ఆటో మోడలే తీసుకోమని రాశా. దీనికి పార్టీలో కొందరు మొహం మాడ్చుకున్నారు, ఫ్యాక్షన్ ఊర్లలో డ్యూటీ చేసిన పాత హెడ్‌లు మాత్రం ఒక్కరు కూడా ఎదురు మాట్లాడలేదు.

మరి ఎంపీ5కి పని లేదా అంటే ఉంది. కారు లోపల. ఎస్కార్ట్ గన్‌మెన్ డ్రైవర్ పక్క సీటులో కూర్చుని, డోరు తీసి, జనం మధ్యలో దిగాలి. అక్కడ దూరం పది పదిహేను మీటర్లు, చుట్టూ దండలు పట్టుకున్న జనం, పేలిస్తే ఒకటో రెండో గుండ్లు. కారులో 5.56 పేలిస్తే ముందు సీటు వాడి చెవులు పోతాయి, జనంలో పేలిస్తే గుండు ఎంత దూరం పోతుందో చెప్పలేం. అక్కడ స్టాక్ ముడిచిన ఎంపీ5 కన్నా మంచిది లేదు, లేదంటే ఈమధ్య వచ్చిన మన అస్మి, ఏఆర్‌డీఈ వాళ్ళు ఆర్మీతో కలిసి డిజైన్ చేసింది, హైదరాబాద్ లోకేష్ మెషీన్స్ వాళ్ళు తయారు చేస్తున్నారు, 9 ఎంఎం, రెండున్నర కిలోల లోపే. నేను ఫైల్ రాసేనాటికి అది లేదు, ఇప్పుడు రాస్తే ఎస్కార్ట్‌కి దాన్ని కూడా ట్రయల్‌కి అడిగేవాణ్ణి.

చివరికి నేను పెట్టిన నోట్ ఇట్ల పోయింది: స్పెషల్ పార్టీకి 5.56 కార్బైన్, పద్నాలుగు అంగుళాల దగ్గర్లో బ్యారెల్, సెమీ ఆటో, రెడ్ డాట్‌తో పాటు మడిచే ఇనుప సైటు, తుపాకీ మీదే లైటు, ఎందుకంటే మిద్దె ఇంట్లో మధ్యాహ్నం పూట కూడా మూల గదిలో మనిషి మొహం కనపడదు. ఎస్కార్ట్‌కి ఎంపీ5. స్టెర్లింగులు సెంట్రీకి. చెవులకి ఎలక్ట్రానిక్ మఫ్‌లు, మాట వినపడి పేలుడు మాత్రం అడ్డుకునేవి, ప్రతి మనిషికీ ఒక జత, అవి రాకుండా కార్బైన్లు బెల్ ఆఫ్ ఆర్మ్స్ (తుపాకులు దాచే గది) నుంచి ఇష్యూ చేయొద్దని కింద అండర్‌లైన్ చేసి మరీ రాశా. తుపాకులు శాంక్షన్ అయ్యాయి. మఫ్‌ల దగ్గర ఆడిట్ వాళ్ళు పాట వినే హెడ్‌ఫోన్లు పోలీసులకెందుకు అని క్వెరీ వేశారు. దానికి జవాబుగా మా ఆర్మరర్‌నీ, డెసిబెల్ మీటర్‌నీ, ఆడిట్ సారుని రేంజ్‌కి తీసుకుపోయి, ఆయనకి ముందు మంచి మఫ్‌లు పెట్టించి, నాలుగు గోడల షెడ్డులో ఒక్క రౌండ్ పేల్పించాం. ఫైల్ మూడో రోజుకి క్లియర్ అయ్యింది.